మంట ఆర్పిన లెక్క

2024 జనవరి 12 సాయంత్రం మా కాలనీ గేటు దగ్గర బోర్డు మీద ఒక కాగితం అతికించారు. ఈ ఏడాది సామూహిక భోగి మంట లేదని హిందీలో రెండు ముక్కలు, కింద కమిటీ ముద్ర. కారణం రాయలేదు. రాయకపోయినా తెల్లారేసరికి అందరికీ తెలిసిపోయింది. కారణం నేను!

ముందు నా సంగతి చెప్పాలి. నేను భిలాయిలో పెరిగినవాణ్ణి. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక ఇక్కడ ఉక్కు కర్మాగారం పని మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. ఆ రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి రైలెక్కి వచ్చిన వాళ్ళలో మా నాన్న ఒకడు. నేను బి.కాం. చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో చేరాను. జబల్‌పూర్, పుణె, సికింద్రాబాద్ తిరిగి, రిటైరయ్యాక మళ్ళీ ఇక్కడికే చేరుకున్నాను. చాలా ఏళ్ళుగా హేతువాద సంఘం సభ్యుణ్ణి. చరిత్రలో డిగ్రీ లేదు. జమాఖర్చులు చూడటం మాత్రం వచ్చు. ఈ వ్యాసం కూడా ఒక రకంగా జమాఖర్చు లెక్కే.

కమిటీకి ఉత్తరం రాసింది నేనే. నేను రాసినవి నాలుగు విషయాలు. ఒకటి, భోగి మంటలో కట్టెలూ పిడకలతో పాటు పాత టైర్లు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, రంగు వేసిన తలుపు చెక్కలు పడుతున్నాయి. రెండు, మంట వేసే చోటికి రెండిళ్ళ అవతల ఉబ్బసంతో బాధపడే ఏడేళ్ళ పాప ఉంది. కిందటేడు భోగి నాడు ఆ పిల్లని తెల్లవారకుండానే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. మూడు, 2016 డిసెంబరు 22న జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతటా చెత్తను బహిరంగంగా తగలబెట్టడాన్ని నిషేధించింది. మామూలుగా తగలబెడితే 5 వేలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25 వేల రూపాయల జరిమానా. నాలుగు, భోగి మంట గురించి వాట్సాప్‌లో తిరుగుతున్న 'శాస్త్రీయ కారణాలు' అన్నీ అబద్ధాలు.

కమిటీ వాళ్ళు నా ఉత్తరంలో మూడో పాయింటు, అందులోనూ జరిమానా అంకె, మాత్రమే చదివినట్టున్నారు. ఎవరినీ అడగలేదు, మీటింగు పెట్టలేదు. భోగికి రెండు రోజుల ముందు కాగితం అతికించేశారు. అప్పటికే చందాలు వేసుకుని కట్టెలు కొన్నారు. పిల్లలు పిడకలు చేసి, ఎండబెట్టి, దండలు గుచ్చి పెట్టుకున్నారు.

13వ తారీఖు పొద్దున్న మా గేటు ముందు పాతిక మంది చేరారు. నిజం చెప్పొద్దూ, నేను వాళ్ళకోసం సిద్ధంగానే ఉన్నాను. ఏమంటారో నాకు తెలుసనుకున్నాను. 'సంప్రదాయం, అరిష్టం, దేవుడికి కోపం' అంటారు, అప్పుడు నేను చెప్పాల్సింది చెబుతాను. కాగితం మీద పాయింట్లు కూడా రాసి పెట్టుకున్నాను. తమాషా ఏమిటంటే ఎవరూ దేవుణ్ణి తేలేదు! వాళ్ళడిగింది ఒకటే, 'మమ్మల్ని ఒక్కమాట అడగొచ్చు కదా?' అని.

మా నాన్నతో కలిసి రోలింగ్ మిల్లులో పనిచేసిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఎనభై దాటాయి. నేను చిన్నాన్నా అని పిలుస్తాను. ఆయన గేటు పట్టుకుని అన్నాడు: "ఏట్రా నాయినా, ఊరంతా పొగే కదా. అరవై ఏళ్ళ బట్టి ఆ కొలుముల పొగ మింగుతున్నాం. దానికి ఎప్పుడైనా కాయితం రాసేవేటి? మా పిడకల పొగే కనిపించిందేటి నీకు?"

నా పాయింట్ల కాగితంలో దీనికి జవాబు లేదు. "అది వేరు చిన్నాన్నా" అన్నాను. "ఏటి వేరు?" అన్నాడు. చెప్పలేకపోయాను. ఆయన వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

సరే, ఇప్పుడు చరిత్రకు వద్దాం. ఒక ఊరి పాలక సంస్థ ఊరుమ్మడి మంటను రద్దు చేయడం, జనం మండిపడటం ప్రపంచంలో ఎక్కడ ఎక్కువగా జరిగిందా అని చదవడం మొదలుపెడితే ఇంగ్లండ్ దగ్గర ఆగాను. అక్కడ నవంబరు 5న మంటల రాత్రి. మనకు భోగి ఎలాగో వాళ్ళకి అలాగ. కట్టెలు పోగేయడం, పిల్లలు ఇల్లిల్లూ తిరగడం, పెద్దవాళ్ళు మంట చుట్టూ నిలబడటం అన్నీ ఉంటాయి. తేడా ఏమిటంటే, ఆ మంట ఎలా పుట్టిందో తారీఖుతో సహా తెలుసు.

1605లో కొందరు కేథలిక్కులు రాజు మొదటి జేమ్స్‌ని పార్లమెంటుతో సహా పేల్చేయాలని కుట్ర పన్నారు. నాయకుడు రాబర్ట్ కేట్స్‌బీ. తుపాకి మందు చూసుకునే బాధ్యత గై ఫాక్స్‌ది. ప్రభువుల సభ కింద గదిలో 36 పీపాల మందుతో నవంబరు 4 అర్ధరాత్రి వేళ దొరికిపోయాడు. రాజు బతికి బయటపడ్డాడని మర్నాటి రాత్రి లండన్ జనం వీధుల్లో మంటలు వేశారు. 1606లో పార్లమెంటు చట్టం చేసింది. ఏటా నవంబరు 5న చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన జరగాలి, జనం హాజరు కావాలి అని. ఆ చట్టం 1859 దాకా అమలులో ఉంది. అంటే 250 ఏళ్ళకు పైగా!

ఇక్కడ హేతువాదులు గమనించవలసినది ఒకటుంది. ఈనాడు 'అనాదిగా వస్తున్న ప్రజల పండుగ' అని వాళ్ళు చెప్పుకునేదానికి పునాది ఒక ప్రభుత్వ విధేయతా ప్రదర్శన. అందులో మతద్వేషం కూడా నిండుగా ఉంది. 17వ శతాబ్దం చివరికి మంటల్లో పోప్ దిష్టిబొమ్మలు కాల్చడం వేడుకలో భాగమైపోయింది. 1647లో ప్యూరిటన్ల పార్లమెంటు క్రిస్మస్‌ని కూడా రద్దు చేసింది కానీ నవంబరు 5 జోలికి పోలేదు. తమకు పనికొచ్చే మంట కదా!

పనికిరానప్పుడు అదే మంట తప్పయింది. 1775లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. కెనడాలోని కేథలిక్కుల సాయం జార్జి వాషింగ్టన్‌కి కావలసి వచ్చింది. సరిగ్గా నవంబరు 5న ఆయన తన సైన్యానికి ఉత్తర్వు ఇచ్చాడు, పోప్ బొమ్మ కాల్చే పిల్లచేష్టలు కట్టిపెట్టమని. మంట మారలేదు. దాన్ని చూసే అధికారి అవసరం మారింది.

19వ శతాబ్దానికి ఇంగ్లండ్ పట్టణాల్లో పరిస్థితి తిరగబడింది. మధ్యతరగతి వర్తకులు, మేజిస్ట్రేట్లు ఈ మంటల్ని అల్లరిమూకల పనిగా చూడటం మొదలుపెట్టారు. అందులో అబద్ధమేమీ లేదు. మండుతున్న తారు పీపాల్ని వీధుల్లో దొర్లించేవాళ్ళు, గిట్టనివాళ్ళ కంచెలు పీకి మంటలో వేసేవాళ్ళు. రెండు ఊళ్ళ కథ చూడండి.

గిల్డ్‌ఫర్డ్ అనే ఊళ్ళో ముసుగులు వేసుకున్న 'గై'ల గుంపులు ఏటా ఊరిని వణికించేవి. 1863లో కొత్తగా వచ్చిన మేయరు సైనికుల్ని పిలిపించాడు, ఊళ్ళోవాళ్ళని ప్రత్యేక పోలీసులుగా ప్రమాణం చేయించాడు. రెండేళ్ళలో అక్కడి మంటల ఆనవాయితీ అణగిపోయింది.

లూయిస్ అనే ఊళ్ళో 1847లో లండన్ నుంచి పోలీసుల్ని దింపారు. కొట్లాటలు జరిగాయి. కానీ అణచలేకపోయారు. కొన్నాళ్ళకి అక్కడి జనమే దారి మార్చుకున్నారు. 1853 నుంచి సంఘాలుగా ఏర్పడ్డారు. ఏ వీధి ఎవరిది, ఊరేగింపు ఎప్పుడు, మంట ఎక్కడ అన్నదానికి బాధ్యులు వచ్చారు. ఆ సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. లూయిస్ మంటలు నేటికీ ఇంగ్లండ్‌లోకెల్లా పేరుపడ్డవి. రాణి మేరీ కాలంలో, 1555 నుంచి 1557 వరకు, ఆ ఊళ్ళో సజీవంగా కాల్చేసిన 17 మంది ప్రొటెస్టెంట్లని కూడా ఆ రాత్రే తలుచుకుంటారు.

ఇంకో సంగతి. 1859లో చట్టం రద్దయింది కదా, మరి మంటలు ఆగాయా? లేదు. చట్టం పోయింది, దానితో పాటు ప్రార్థనా పోయింది. మంట మాత్రం మిగిలింది. దీనికి ఎవరి ఆజ్ఞా అక్కర్లేకపోయింది. చలికాలపు చీకటి రాత్రి పదిమందీ ఒకచోట చేరడానికి మంట ఒక సాకు. ఆ సాకు కోసమే జనం దాన్ని దాచుకున్నారని నాకనిపిస్తుంది.

మరి జనం ఎప్పుడూ రద్దుని ఎదిరించారా అంటే, అదీ లేదు. నా కళ్ళు తెరిపించింది ఈ భాగమే. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు దేశరక్షణ చట్టం కింద మంటలు, బాణసంచా నిషేధించారు. 1939లో రెండో యుద్ధం మొదలయ్యాక రాత్రిళ్ళు దీపం వెలుతురు కూడా బయటికి రాకూడదన్నారు. ఇక నవంబరు 5 మంట ఎక్కడ? ఆరేళ్ళు మంటల్లేవు. గిల్డ్‌ఫర్డ్‌లో లాగా సైనికుల్ని దింపవలసిన అవసరం రాలేదు. ఎందుకని? వెలుతురు కనిపిస్తే పైనుంచి బాంబు పడుతుందని ప్రతివాడికీ తెలుసు. ఆ నియమం మేయరుకీ ఒకటే, కూలివాడికీ ఒకటే. 1945 మే 8న యూరప్‌లో యుద్ధం ముగియగానే, ఎవరూ చెప్పకుండానే, బ్రిటన్ అంతటా వీధి వీధినా మంటలు వేశారు.

అదే ఇంగ్లండ్‌లో 2022లో మాంచెస్టర్ నగర కౌన్సిల్ పార్కుల్లో జరిగే మంటల రాత్రిని ఖర్చులు పెరిగాయని రద్దు చేసింది. పిల్లల తల్లిదండ్రులు నొచ్చుకున్నారు. కౌన్సిళ్ళకి డబ్బు చాలడం లేదన్న మాట నిజమే. అయినా, 'డబ్బుల్లేవు' అన్న మాట బాంబులాగా కనపడదు. వేరే దేనికో డబ్బు ఖర్చు పెడుతూ మా మంట దగ్గరికొచ్చేసరికి లేదంటున్నారే అని జనానికి తోస్తుంది. మా చిన్నాన్న ప్రశ్న కూడా సరిగ్గా ఇదే!

కాబట్టి నా లెక్క ఇలా తేలింది. రద్దు చేశారని మాత్రమే జనానికి కోపం రాదు. నాలుగు పద్దులు చూడాలి. కారణం కళ్ళకు కనపడేలా చెప్పారా? అది అందరికీ సమానంగా వర్తించిందా? ముందుగా అడిగారా? బదులు ఏమైనా చూపించారా? యుద్ధకాలంలో మొదటి రెండూ నిండుగా ఉన్నాయి, జనం ఒప్పుకున్నారు. మా దగ్గరా అలాంటి ఉదాహరణ ఉంది. 2020 కోవిడ్ ఏడాది దసరాకి రాయపూర్‌లో రావణుడి బొమ్మ 10 అడుగులు మించకూడదని, 50 మందికి మించి చేరకూడదని ఆదేశాలు ఇచ్చారు. నేను చూసినంతలో మా వైపు దాని గురించి ఎవరూ వీధికెక్కలేదు. మరి మా కాలనీ బోర్డు మీద కాగితానికి ఈ నాలుగు పద్దుల్లో ఎంత జమ? సున్నా.

ఇంతవరకు చదివిన మిత్రులు కొందరు 'నువ్వు కూడా సంప్రదాయవాదివైపోయావా?' అనవచ్చు. ఆగండి. నా ఉత్తరంలో ఒక్క పాయింటు కూడా నేను వెనక్కి తీసుకోవడం లేదు.

ఆవు నెయ్యి, పిడకలు కాలిస్తే ఆక్సిజన్ పుడుతుందని ఏటా సంక్రాంతికి మెసేజీ వస్తుంది. మండటం అంటేనే ఆక్సిజన్‌ని వాడుకోవడం. మంట గాలిలోకి వదిలేది బొగ్గుపులుసు వాయువు, కార్బన్ మోనాక్సైడ్, సన్నటి మసి. పైగా జనవరి తెల్లవారుజాము అన్నిటికంటే చెడ్డ సమయం. రాత్రంతా నేల చల్లబడి, నేలకి దగ్గరగా చల్లగాలి, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటాయి. పొగ పైకి లేవక ఇళ్ళ మధ్యే తిరుగుతుంది. 2018 జనవరి 13న చెన్నైలో భోగి పొగ, మంచు కలిసి విమానాశ్రయంలో రాకపోకలు ఆగిపోయాయి. విమానాలకే దారి కనపడని గాలిని పసిపిల్ల ఊపిరితిత్తులు ఎలా తట్టుకుంటాయి? 24 గంటల సగటున సన్నటి ధూళి (పి.ఎం. 2.5) ఘనపు మీటరుకి 15 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు ప్రమాణం 60. ఇక టైర్లు, ప్లాస్టిక్ కాలిస్తే వచ్చేవి కేన్సరు కారకాలు. దీనికి ఏ శాస్త్రం మద్దతూ లేదు, ఏ పురాణం మద్దతూ లేదు. మన తాతలు టైర్లు కాల్చలేదు.

ఉత్తరాయణం మాట కూడా చూద్దాం. భోగి మర్నాడు సూర్యుడు ఉత్తరానికి తిరుగుతాడని పంచాంగం చెబుతుంది. నిజానికి తిరిగేది డిసెంబరు 21 లేదా 22న. భూమి అక్షం మెల్లగా దిశ మారుతుండటం వల్ల సుమారు 72 ఏళ్ళకి ఒక డిగ్రీ తేడా వస్తుంది. ఈ రెండూ ఒకే రోజున కలిసింది దాదాపు 1700 ఏళ్ళ కిందట. వివేకానందుడు పుట్టిన 1863లో సంక్రాంతి జనవరి 12న వచ్చింది. ఇప్పుడు 14న, 15న వస్తోంది. పంచాంగం జరుగుతోంది, మనం చూసుకోవడం లేదు.

ఇవన్నీ నిజాలే. కానీ మా గేటు ముందు నిలబడ్డ పాతికమందిలో ఆక్సిజన్ కోసం మంట వేస్తున్నామన్నవాడు ఒక్కడు లేడు. సూర్యుడి కోసం అన్నవాడూ లేడు. నేను ఎవరూ వేయని ప్రశ్నకు జవాబు తయారు చేసుకుని కూర్చున్నాను. ఇది మన హేతువాదుల్లో చాలామందికి ఉన్న జబ్బు అని నా అనుమానం. ఎదుటివాడు ఏమంటున్నాడో వినకముందే వాడి మూఢనమ్మకం మనకు తెలిసిపోతుంది!

ఇంకో తేడా కూడా గమనించాను. మంటలన్నీ ఒకటి కావు. ఎవరినో కాల్చే మంటలున్నాయి. 2003లో ఇంగ్లండ్‌లోని ఫర్ల్ అనే పల్లెలో జిప్సీ కుటుంబం బొమ్మలున్న బండిని తగలబెట్టారు. దేశమంతా గగ్గోలు పుట్టింది, పోలీసులు అరెస్టులు చేశారు. రావణదహనం తమను అవమానించడమేనని మద్రాసులో పెరియార్ అనుచరులు 1974 డిసెంబరులో 'రావణలీల' జరిపి రాముడి బొమ్మ కాల్చారు. మా రాష్ట్రంలోనే బస్తర్ దసరా 75 రోజులు దంతేశ్వరి పేరు మీద జరుగుతుంది. అందులో రావణుణ్ణి కాల్చరు. భోగి మంటలో ఎవరి బొమ్మా ఉండదు. ఎవరి మీదా ద్వేషం లేదు. పక్క వీధి పంజాబీలు వేసే లోహ్రీ మంట కూడా అంతే. ఊరి పండుగల జాబితాలో ఇది జమ వైపు రాయవలసిన పద్దు.

పైగా భోగి మంట జనం మాట్లాడే చోటు కూడా. 2020లో రాజధాని గొడవ మీద జి.ఎన్. రావు కమిటీ నివేదిక ప్రతుల్ని ఆంధ్రలో భోగి మంటల్లో వేశారు. 2021 జనవరి 13న ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు సాగు చట్టాల ప్రతుల్ని లోహ్రీ మంటల్లో కాల్చారు. ఆ రాజకీయాలతో మనం ఏకీభవించనక్కర్లేదు. కానీ పై అధికారి కాగితం అతికించి మంట రద్దు చేసే అలవాటు ఒకసారి మొదలైతే, అది పొగ దగ్గరే ఆగుతుందన్న హామీ ఏమిటి? వాషింగ్టన్‌ని, ప్యూరిటన్లని ఒకసారి తలుచుకోండి.

అలాగని వదిలేయమనీ కాదు. 2018 అక్టోబరు 19న అమృత్‌సర్‌లో రావణదహనం చూస్తూ పట్టాల మీద నిలబడ్డ జనం మీదికి రైలు దూసుకొచ్చి సుమారు 60 మంది చనిపోయారు. బాధ్యులెవరో ముందే తేల్చుకోని మంట ఖరీదు అది.

మిగిలింది చిన్నాన్న ప్రశ్న. ప్లాంటు పొగకు లేని అభ్యంతరం పిడకల పొగకెందుకు? దీనికి జవాబు దొరకడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. జవాబులో సగం ఇది. ప్లాంటు చిమ్నీ ఎత్తున ఉంటుంది, మన మంట ముక్కు ఎత్తున ఉంటుంది. రెండిళ్ళ అవతలి పాపకి ఆ తెల్లవారుజామున దగ్గరగా తగిలేది మన పొగే. చిమ్నీకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, కొలతలు, రికార్డు ఉంటాయి. మన మంటకి ఏ రికార్డూ లేదు. మిగతా సగం ఆయన పక్షాన ఉంది. ముప్పై ఏళ్ళు లెక్కలు చూసినవాణ్ణి, నాకు తెలియాల్సిన విషయమే. పెద్ద పద్దు వదిలేసి చిల్లర పద్దు పట్టుకునే ఆడిటర్‌ని ఎవరూ గౌరవించరు. చిమ్నీ కొలతలు ఎలా ఉన్నాయో నేను ఏనాడైనా అడిగానా? లేదు. పిడకలు దగ్గర్లో ఉన్నాయి, ప్రశ్నించడం తేలిక. అంతే.

ఆడిట్‌లో ఇంకో నియమం కూడా ఉంది. అభ్యంతరం రాస్తే ముందు ఆ యూనిట్‌కి పంపాలి. వాళ్ళ జవాబు తీసుకోవాలి. ఆ తర్వాతే నిర్ణయం. జవాబు అడగకుండా రికవరీ వేస్తే అది నిలవదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళు ఈ నియమం ఒక్కసారి కూడా తప్పలేదు. రిటైరయ్యాక, నా సొంత వీధిలో తప్పాను. నేను రాయవలసింది కమిటీకి కాదు, ముందు చెప్పవలసింది మంట వేసేవాళ్ళకి.

2024 నవంబరులో నేనే ఇల్లిల్లూ తిరిగాను. కొందరు తలుపు తీయలేదు. ఒకావిడ "మళ్ళీ ఏం రద్దు చేయించడానికొచ్చారండీ?" అంది. కాఫీ కూడా ఇచ్చింది లెండి. చివరికి ఒక ఆదివారం అందరం కూర్చున్నాం. పాప తల్లిని కూడా రమ్మన్నాం. అప్పటిదాకా ఆవిడను ఎవరూ ఏమీ అడగలేదు, నేను కూడా! ఆవిడ అన్నదేమిటంటే, "మంట వద్దని నేనెప్పుడూ అనలేదండీ. మా గుమ్మం ముందు వద్దు, టైర్లు వద్దు. మా పిల్ల కూడా పిడకల దండ వేస్తానంటోంది" అని. నేను ఎవరి తరఫున ఉత్తరం రాశానో ఆవిడ మాట అది.

2025 జనవరి 13న భోగి వచ్చింది. మంట ఇళ్ళకి దూరంగా, మైదానం చివర వేశాం. ఎండు కట్టెలు, పిడకలు తప్ప ఇంకేమీ లేవు. కాల్చడానికి తెచ్చిన ప్లాస్టిక్, టైర్లు, రంగు చెక్కలు పాతసామాన్లవాడికి వేశాం. నడుము ఎత్తుకి మించని మంట, గంటలో ఆర్పేశాం. రెండు బకెట్ల ఇసుక, నీళ్ళు పక్కన పెట్టాం. పాప మాస్కు పెట్టుకుని, గాలికి ఎదురు వైపు నుంచి వచ్చి, దండ వేసి, వెంటనే ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆసుపత్రి అవసరం రాలేదు. ఇది ఒక్క ఏటి లెక్క. ఒక్క ఏడు చూసి మంట మంచిదైపోయిందని నేను అనడం లేదు. ఏ పిడకల పొగైనా పొగే. వచ్చే ఏళ్ళలో ఇంకా తగ్గించమనే అడుగుతాను. కానీ అడుగుతాను.

మన రాజ్యాంగంలో 51ఏ (హెచ్) అనే అధికరణం గురించి హేతువాదులందరికీ తెలుసు. 1976లో 42వ సవరణ ద్వారా వచ్చింది. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుడి బాధ్యత అని మనం ప్రతి సభలోనూ చెబుతాం. అక్కడితో ఆపేస్తాం. ఆ వాక్యంలో శాస్త్రీయ దృక్పథం పక్కనే మానవతావాదం, ఆ పక్కన విచారణ, సంస్కరణ స్ఫూర్తి కూడా ఉన్నాయి. విచారణ అంటే అవతలివాణ్ణి విచారించడం ఒక్కటే కాదు, వెళ్ళి అడగడం కూడా. గిల్డ్‌ఫర్డ్‌లో అడగలేదు, మంట పోయింది. లూయిస్‌లో జనమే బాధ్యత తీసుకున్నారు, మంట మిగిలింది. సంస్కరణ ఎక్కడ జరిగిందంటారు?

చిన్నాన్న ఆ రోజు మంట దగ్గరికి వచ్చాడు. కర్ర పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. "మరి ప్లాంటోళ్ళకి కాయితం ఎప్పుడు రాస్తావురా?" అన్నాడు. ఏడాది తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట. సమాచార హక్కు చట్టం కింద చిమ్నీల కొలతలు అడుగుతూ దరఖాస్తు పెడతానన్నాను. "ముందు నాకు సదివి ఇనిపించు" అన్నాడు.

ఆ సాయంత్రం మంటకైన ఖర్చు పైసలతో సహా రాసి గేటు దగ్గర బోర్డు మీద అతికించాను. కింద ఏమేం మార్చామో, ఎందుకు మార్చామో కూడా రాశాను. ఈసారి కారణాలతో సహా.